పేరుకున్న నెయ్యి, ఇగిరిన నీళ్లు

(ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం రోజున ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు చేసిన ప్రసంగం)

పిల్లలందరికీ నమస్కారం. హెడ్మాస్టర్ గారికి, టీచర్లకు, వెనక నిలబడి ఉన్న అమ్మానాన్నలకు నమస్కారాలు. వెనకున్నవాళ్లు కూడా దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. ఇవాళ వినేదానికంటే చూసేది ఎక్కువ. దూరం నుంచి కనబడదు.

మాటల్లోకి వెళ్లే ముందు ఒక పని చేద్దాం. ఈ డబ్బాలో ఐసు ముక్కలు తెచ్చాను. ఒకే సైజువి రెండు తీశాను, చూడండి. ఒకదాన్ని ఈ స్టీలు పళ్లెంలో పెడుతున్నాను. రెండోదాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, ఈ ఉన్ని శాలువాలో నాలుగు మడతలు చుట్టి బల్ల చివర పెడుతున్నాను. ఏది ముందు కరుగుతుంది? చేతులెత్తండి. శాలువాలోదే అని చాలామంది ఎత్తారు. శాలువా కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కదా, అందుకని. సరే, ఎవరి మాట మీద వాళ్లు ఉండండి. చివర్లో విప్పి చూద్దాం.

ఇవాళ్టి రోజు ఎందుకు ప్రత్యేకమో మీ టీచర్ చెప్పే ఉంటారు. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ గారు వెలుగు గురించి ఒక కొత్త సంగతి కనిపెట్టారు. దానికే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. 1987 నుంచి ఏటా ఈ రోజును సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రామన్ గారు చిన్నప్పుడు మన విశాఖపట్నంలోనే బడికి వెళ్లారు. 1921లో ఓడ మీద వెళ్తూ మధ్యధరా సముద్రం చూశారు. ఎంత నీలంగా ఉందో! నీళ్లకు ఆ నీలం ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచనలో పడ్డారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నీళ్లలోంచి, రకరకాల ద్రవాల్లోంచి వెలుగు పోనిచ్చి చూస్తూ కూర్చున్నారు. మనమూ ఇవాళ నీళ్లనే చూద్దాం. నీళ్లతోపాటు నెయ్యి, పాకం, కర్పూరం, గాలి.

నెయ్యితో మొదలుపెడతాను. నా చిన్నప్పుడు చలికాలం పొద్దున్నే అన్నం కంచం ముందు కూర్చుంటే అమ్మమ్మ నెయ్యి గిన్నె తెచ్చేది. గిన్నె తిరగేసినా చుక్క పడేది కాదు. తెల్లగా, పూసపూసగా పేరుకుని ఉండేది. మధ్యలో చిన్న గుంట కూడా ఉండేది. అమ్మమ్మ దాన్ని కుంపటి పక్కన పెట్టి తన పనిలో పడిపోయేది. నేను మాత్రం గిన్నె వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. ముందు గిన్నె అంచు చుట్టూ పసుపుపచ్చ గీత ఒకటి వచ్చేది. గీత వెడల్పయ్యేది. మధ్యలో తెల్లటి ముద్ద అంచులు వదిలేసి మెల్లగా కిందికి దిగేది. కాసేపటికి ముద్ద మొత్తం మాయమై, గిన్నె అడుగు పువ్వు గీతలు కనబడేవి.

ఆ ముద్ద ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పేరుకున్నప్పుడూ నెయ్యే, కరిగినప్పుడూ నెయ్యే. అదే వాసన, అదే రుచి. గిన్నెను ముందోసారి, కరిగాక ఓసారి తూచినా అదే బరువు. ఉన్న తీరు ఒక్కటే వేరు. ఒకప్పుడు గట్టిగా తన ఆకారం తను పట్టుకుని కూర్చుంది, ఇప్పుడు జారుతోంది. గట్టిగా ఉన్నప్పుడు మీ పుస్తకం దాన్ని ఘనపదార్థం అంటుంది. జారుతున్నప్పుడు ద్రవపదార్థం అంటుంది.

పరీక్షలప్పుడు మీకు కొన్ని మాటలు టెన్షన్ పెడతాయని నాకు తెలుసు. ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం, సాంద్రీకరణం. నోరు తిరగదు. కానీ ఈ పనులన్నింటికీ మీ ఇంట్లో ఎప్పటి నుంచో మాటలు ఉన్నాయి. మీ నానమ్మ వాటిని రోజూ వాడుతుంది. నెయ్యి కరిగింది అంటుంది, అదే ద్రవీభవనం. నెయ్యి పేరుకుంది, నీళ్లు గడ్డకట్టాయి అంటుంది, అదే ఘనీభవనం. కూరలో నీళ్లు ఇగిరిపోయాయి అంటుంది, అదే బాష్పీభవనం. రొయ్యల ఇగురు తిన్నారా ఎవరైనా? చాలామంది తిన్నారే! నీళ్లు ఇగిరేదాకా పొయ్యి మీద ఉంచుతారు కాబట్టి అది ఇగురు. కూర పేరులోనే సైన్స్ ఉంది. ముందు ఇంటి మాటతో ఆ పనిని చూడండి. చూశాక పుస్తకం మాట దానంతటదే గుర్తుంటుంది.

ఇప్పుడు ఘనానికి, ద్రవానికి తేడా చూద్దాం. ఈ గులకరాయిని గ్లాసులో వేశాను. గిన్నెలో వేశాను. ఎక్కడ వేసినా రాయి ఆకారం రాయిదే. ఈ నీళ్లను గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారం, గిన్నెలో పోస్తే గిన్నె ఆకారం. కానీ గ్లాసెడు నీళ్లు గిన్నెలో పోసినా గ్లాసెడే. ఆకారం మారింది, కొలత మారలేదు. ఇంతవరకూ తేలికే.

ఇదిగో, ఇక్కడ చిక్కు వస్తుంది. ఈ చెంబులో ఇసుక ఉంది. గ్లాసులో పోశాను. జలజలా పడింది, గ్లాసు ఆకారంలోకి వచ్చింది. మరి ఇసుక ద్రవమా? బియ్యం ద్రవమా? పిండి ద్రవమా? ఎన్నో ఏళ్ల కిందట నేను పాఠం చెబుతుంటే మూడో తరగతి పాప ఒకతి లేచి ఇదే అడిగింది. నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. జవాబు నేను చెప్పలేదు, బియ్యం కొలిచే మానిక తెప్పించాను.

మానిక మీలో ఎంతమంది చూశారు? పాతకాలంలో బియ్యాన్ని కాటాలో తూచేవాళ్లు కాదు, సోలతో, మానికతో, కుంచంతో కొలిచేవాళ్లు. కొలిచేటప్పుడు నిండాక పైన ఇంకా పోసేవాళ్లు. గోపురంలా లేచేది, ఇలాగ. లేదంటే చేత్తో అంచు వెంట కోసేసి సమానం చేసేవాళ్లు. ఈ రెండు కొలతలకూ తేడా ఉంటుందని కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు ఇదే మానికలో పాలు పోసి, పైన గోపురం కట్టండి చూద్దాం! కట్టలేరు. పాలు అంచు దాకా వచ్చి పొర్లిపోతాయి. ద్రవం పైభాగం ఎప్పుడూ సమంగా పరుచుకుంటుంది. బియ్యం కుప్పగా నిలబడుతుంది, ఇసుక తిన్నెలా నిలబడుతుంది. ఒక్క బియ్యపు గింజను తీసి అరచేతిలో పెట్టుకోండి. దాని ఆకారం దానిదే. గ్లాసులో వేసినా, గిన్నెలో వేసినా ఆ గింజ అలాగే ఉంటుంది. అంటే బియ్యం చిన్న చిన్న ఘనపదార్థాల గుంపు. ఆ పాప మానిక చూసి, బియ్యం పోసి, పాలు పోసి, తనే ఈ మాట చెప్పింది.

మరి నీటికి గింజలు లేవా? ఉన్నాయి. కంటికి కనబడనంత చిన్నవి. వాటిని అణువులు అంటారు. ఇదిగో, నా వేలి చివర ఒక నీటిబొట్టు. ఇందులో ఎన్ని అణువులు ఉంటాయో తెలుసా? ఒకటి రాసి, దాని పక్కన ఇరవై ఒక్క సున్నాలు పెట్టండి. అంతకంటే ఎక్కువే. రాత్రికి నోటుబుక్కులో రాసి చూడండి, ఒక వరుస నిండిపోతుంది.

ఈ అణువులు ఎలా ఉంటాయో చూడటానికి నాకు తొమ్మిది మంది కావాలి. రండమ్మా. రా బాబూ. మూడు వరుసలు, వరుసకు ముగ్గురు. పక్కవాళ్ల భుజం మీద చేతులు వేయండి. ఇప్పుడు కాళ్లు కదపకుండా అటూ ఇటూ ఊగండి. ఊగడం ఆపకూడదు. ఇది ఘనపదార్థం. రాయిలో, ఇనుములో, ఐసులో అణువులు ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని, ఉన్నచోటే ఊగుతూ ఉంటాయి. కదలకుండా ఉన్న రాయిలో కూడా ఈ ఊపు ఆగదు.

ఇప్పుడు మిమ్మల్ని వేడి చేస్తున్నాను. ఇంకా గట్టిగా ఊగండి. ఇంకా గట్టిగా! చేతులు జారిపోతున్నాయా? వదిలేయండి. కానీ ఎవరో ఒకరిని తాకుతూనే ఉండాలి. ఒకళ్లను దాటుకుని ఒకళ్లు తిరగండి. తిరునాళ్లలో జనం మధ్య మనం జరుగుతూ పోతామే, అలాగ. ఇది ద్రవం. మీ గుంపు ఆకారం మారిపోయింది చూశారా? కానీ మీరు ఆక్రమించిన చోటు పెద్దగా మారలేదు.

ఇంకా వేడి. ఇప్పుడు ఎవర్నీ పట్టుకోవద్దు. నేరుగా పరిగెత్తండి. గోడ తగిలితే తిరిగి రండి. జాగ్రత్త, పడొద్దు! ఇది వాయువు. తొమ్మిది మందే, కానీ ఈ హాలంతా మీదే. చాలు, రండి, కూర్చోండి. చప్పట్లు కొట్టండి వీళ్లకి.

ఒక్క సంగతి గమనించండి. ఈ పాప వరుసలో నిలబడ్డప్పుడూ ఈ పాపే, పరిగెత్తినప్పుడూ ఈ పాపే. లావెక్కలేదు, మెత్తబడలేదు, కరగలేదు. నెయ్యి కరిగినప్పుడు అణువు కరగదు. అణువుల పట్టు సడలుతుంది, అంతే. చాలామంది పిల్లలు, కొందరు పెద్దవాళ్లు కూడా అణువు కూడా కరుగుతుందనుకుంటారు. అందుకే మళ్లీ చెబుతున్నాను.

పట్టు అన్ని ద్రవాల్లోనూ ఒకేలా ఉండదు. నీళ్లు గబగబా పారతాయి, తేనె నింపాదిగా దిగుతుంది. సంక్రాంతికి అరిసెలు చేసేటప్పుడు పొయ్యి దగ్గర మీ అమ్మ ఏం చేస్తుందో చూశారా? బెల్లంలో నీళ్లు పోసి కాస్తుంది. మధ్యమధ్యలో గరిటెతో ఒక చుక్క తీసి, నీళ్ల గిన్నెలో వేస్తుంది. చుక్క నీళ్లలో కలిసిపోతే ఇంకా కావాలి. అడుగున నిలబడి, వేళ్లతో చుడితే మెత్తటి ఉండలా వస్తే పాకం వచ్చేసినట్టు. ఇంకాసేపు ఉంచితే ఉండ గట్టిపడి, పళ్లానికి కొడితే ఠంగుమంటుంది. నీళ్లు ఇగిరేకొద్దీ పాకం చిక్కబడింది. ఒకే గిన్నెలో పల్చటి ద్రవం, చిక్కటి ద్రవం, చివరికి ఘనం, మూడూ వరసగా వచ్చాయి. పొయ్యి ముందు నిలబడి, గడియారం చూడకుండా, చుక్క చూసి సమయం చెప్పగలదంటే ఆవిడ ఎంత గమనించి ఉండాలి! ఈసారి పక్కన నిలబడి చూడండి. వేడిపాకం మాత్రం ముట్టుకోవద్దు, అతుక్కుని కాలుస్తుంది.

ఇక గాలి. గాలి కనబడదు కాబట్టి ఏమీ లేదనుకుంటాం. ఈ గ్లాసులో ఏముంది? ఏమీ లేదా? చూద్దాం. ఈ కాగితాన్ని నలిపి గ్లాసు అడుగున కుక్కాను. ఇప్పుడు గ్లాసును బోర్లించి, నిటారుగా, వంచకుండా, బకెట్ నీళ్లలో ముంచుతున్నాను. పూర్తిగా మునిగింది. తీస్తున్నాను. ఇలా రా తల్లీ, కాగితం తీసి చూడు. తడిసిందా? పొడిగానే ఉంది! నీళ్లు లోపలికి ఎందుకు రాలేదు? అక్కడ ముందే ఒకరు కూర్చుని ఉన్నారు. గాలి ఉంది. ఇప్పుడు గ్లాసును కొంచెం వంచుతాను, వినండి. బుడబుడ. గాలి లేచి వెళ్లిపోయింది, నీళ్లు వచ్చి కూర్చున్నాయి.

గాలి చోటు తీసుకుంటుంది సరే, దానికి బరువుందా? మీ తరగతి గది సుమారు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటుందనుకుందాం. లెక్క వేస్తే 90 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గాలి ఒక కిలో కంటే ఎక్కువే, దాదాపు 1.2 కిలోలు ఉంటుంది. అంటే ఆ గదిలో గాలి బరువు ఒక క్వింటాలు పైమాటే! 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు. మీరు రోజూ ఆ గాలి మధ్యే కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు.

ఇదిగో సూది లేని సిరంజి. గాలి లాగి, మూతి దగ్గర వేలు పెట్టి నొక్కు బాబూ. లోపలికి వెళ్తోందా? వదిలితే వెనక్కి తన్నుకొస్తోందా? ఇప్పుడు నీళ్లు నింపి అలాగే నొక్కు. కదలదు. బలమంతా పెట్టు. కదలదు. గాలిలో అణువుల మధ్య ఖాళీ చాలా ఉంది, కాబట్టి దగ్గరికి నొక్కగలం. నీళ్లలో అవి ఇప్పటికే ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నాయి.

ఈ నొక్కడం వల్లే మీ ఇంట్లో వంట జరుగుతోంది. గ్యాస్ సిలిండర్లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. గ్యాస్ అంటాం కానీ సిలిండర్ లోపల ఎక్కువ భాగం ద్రవమే. బాగా ఒత్తిడి పెడితే ఆ వాయువు ద్రవమైపోతుంది. బయటికి వచ్చిందంటే దాదాపు 250 రెట్లు విస్తరిస్తుంది. ఆ గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే మనకు తెలియాలని కావాలనే ఘాటు వాసన కలుపుతారు. అది గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు. పెద్దవాళ్లను పిలిచి, రెగ్యులేటర్ కట్టించి, తలుపులు తీయించండి. అమ్మలూ, ఈ మాట మీక్కూడా చెబుతున్నాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వచ్చాం. నీళ్లు మరిగేటప్పుడు గిన్నెలోంచి తెల్లగా పైకి లేస్తుంది కదా, అది ఏమిటి? ఆవిరి అన్నారు. కాదు! అసలు ఆవిరి కంటికి కనబడదు. ఇంట్లో టీ కాచే కెటిల్ ఉంటే, అమ్మ పక్కన ఉన్నప్పుడు దూరంగా నిలబడి దాని మూతిని గమనించండి. మూతి చివర నుంచి ఒక వేలెడు దూరం వరకూ ఏమీ కనబడదు, ఖాళీగా ఉన్నట్టుంటుంది. ఆ తర్వాతే తెల్లటి పొగలాంటిది మొదలవుతుంది. అసలైన ఆవిరి ఆ ఖాళీలో ఉంది. అక్కడ చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. ఎప్పుడూ పెట్టొద్దు. ఆ ఆవిరి బయటి చల్లగాలి తగిలి సన్నటి నీటి తుంపరలైతే, ఆ తుంపరలే మనకు తెల్లగా కనబడతాయి. పొగమంచు అలాంటిదే, ఆకాశంలో మబ్బూ అలాంటిదే.

లీటరు నీళ్లు మొత్తం మరిగి ఆవిరైతే దానికి దాదాపు 1,600 లీటర్ల చోటు కావాలి. కుక్కర్లో అంత చోటు లేదు, అందుకే ఒత్తిడి పెరిగి విజిల్ వేస్తుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, 120 దాకా పోతాయి. పప్పు తొందరగా ఉడుకుతుంది. ఎవరెస్టు శిఖరం మీద దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, 70 డిగ్రీల దగ్గరే నీళ్లు మరిగిపోతాయి. గిన్నె కళపెళలాడుతుంది, పప్పు మాత్రం ఉడకదు.

నీళ్లు గడ్డకట్టే చోట సున్నా, మరిగే చోట వంద అనే ఈ లెక్క ఎక్కడిదనుకుంటున్నారు? స్వీడన్ దేశంలో సెల్సియస్ అనే ఆయన 1742లో పెట్టారు. ఆయన మొదట తలకిందులుగా పెట్టారు! నీళ్లు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100. తర్వాతివాళ్లు దాన్ని ఇప్పుడు మనం వాడే తీరులోకి తిప్పారు.

నీళ్లు ఆవిరి కావాలంటే మరగక్కర్లేదు. బట్టలు దండెం మీద ఆరుతున్నాయంటే, తుడిచిన నేల ఆరుతోందంటే, నీళ్లు నెమ్మదిగా ఇగురుతున్నాయి. ఇగిరేటప్పుడు పక్కనున్న వేడిని తీసుకుని పోతాయి. మట్టికుండలో నీళ్లు చల్లగా ఉండేది అందుకే. కుండకు కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. నీళ్లు చెమ్మగా బయటికి వచ్చి, ఇగురుతూ, కుండలోని వేడిని తీసుకుపోతాయి. కడపలో, నల్గొండలో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ నీళ్లు జివ్వుమంటాయి. విశాఖలో, కాకినాడలో గాలిలోనే తేమ ఎక్కువ. నీళ్లు తొందరగా ఇగరవు, కుండ అంతగా చల్లబరచదు. అక్కడ చెమట ఆరకుండా ఉక్కపోసేది కూడా దీనివల్లే.

ఇదే ఇగరడం మీద బతుకుతున్న ఊళ్లు ఉన్నాయి. శ్రీకాకుళం వైపు నౌపడ, బాపట్ల వైపు చినగంజాం. అక్కడ ఉప్పు మడులు ఉంటాయి. సముద్రపు నీళ్లను మడుల్లోకి పారించి ఎండకు వదిలేస్తారు. నీళ్లు ఇగిరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. ఎర్రటి ఎండలో, ఉప్పు నీళ్లలో కాళ్లు పెట్టి, పొద్దంతా ఆ ఉప్పు లాగేవాళ్ల కష్టం మన పప్పులో చిటికెడు రుచి. ఎండ ఉంటేనే వాళ్లకు పని. అదను తప్పి ఒక్క వాన పడితే మడిలో ఉప్పంతా మళ్లీ నీళ్లలో కలిసిపోతుంది. ఇగిరిన నీళ్లు ఉప్పును వెంట తీసుకుపోవు. అందుకే సముద్రం ఉప్పగా, వాన చప్పగా ఉంటుంది.

ఐసు నీళ్ల గ్లాసు బయట తడి ఎలా వస్తుంది? గ్లాసులోంచి కారిందా? ఇదిగో, నేను ఎర్రరంగు కలిపిన నీళ్లలో ఐసు వేసి ఇందాకే ఇక్కడ పెట్టాను. తెల్లటి రుమాలుతో గ్లాసు బయట తుడుస్తున్నాను. రుమాలు ఎర్రబడిందా? లేదు. అది లోపలి నీరు కాదు, ఈ గది గాలిలో కనబడకుండా తిరుగుతున్న ఆవిరి. చల్లటి గ్లాసు తగిలి మళ్లీ నీరయ్యింది. మీ పుస్తకం చెప్పే సాంద్రీకరణం ఇదే.

ఆ గ్లాసులోనే ఇంకొకటి చూడండి. ఐసు తేలుతోంది. నెయ్యి ముద్ద ఏం చేసిందని చెప్పాను? కిందికి దిగింది. దాదాపు అన్ని పదార్థాలూ నెయ్యిలాంటివే. గడ్డకడితే అణువులు దగ్గరికి జరిగి కాస్త కుంచించుకుపోతాయి. పేరుకున్న నెయ్యి మధ్యలో గుంట పడేది అందుకే. నీరు మాత్రం అలా కాదు. ఐసులో నీటి అణువులు చేతులు చాచి నిలబడినట్టు ఎడంగా నిలబడతాయి. పది గ్లాసుల నీళ్లు దాదాపు పదకొండు గ్లాసుల ఐసు అవుతాయి. ఫ్రిజ్ ట్రేలో ఐసు ముక్క మధ్యలో ఉబ్బి ఉంటుంది, ఇవాళే ఇంటికెళ్లి చూడండి. గాజు సీసా నిండా నీళ్లు పోసి డీప్ ఫ్రిజ్‌లో పెడితే పగిలేది ఇందుకే. చలికాలంలో కశ్మీర్‌లో దాల్ సరస్సు పైన గడ్డకట్టినా కింద నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, చేపలు బతుకుతాయి. ఐసు మునిగే స్వభావం ఉంటే ఆ చేపల గతి ఏమయ్యేదో ఆలోచించండి.

ప్రతి పదార్థానికీ కరిగే వేడి ఒకటి ఉంటుంది. కొబ్బరినూనెకు దాదాపు 24 డిగ్రీలు. పొద్దున్నే తలకు రాసుకుందామంటే సీసాలో నూనె గడ్డకట్టి ఉందా? మీ గది 24 కంటే చల్లగా ఉందన్నమాట. థర్మామీటరు కొనక్కర్లేదు. బంగారానికి 1,064 డిగ్రీలు. కంసాలి మూసలో బంగారం వేసి కుంపట్లో ఊదితే అది ఎర్రగా మెరుస్తూ నీళ్లలా కదులుతుంది. ఇనుముకు 1,538. మరి మనం పీల్చే ఆక్సిజన్‌ను ద్రవంగా చేయాలంటే? సున్నా కంటే 183 డిగ్రీలు కిందికి చల్లబరచాలి. హైడ్రోజన్‌కు 253 కిందికి. మన శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3ను తీసుకెళ్లిన రాకెట్ పైభాగంలో మండింది ఈ రెండు చల్లటి ద్రవాలే. వాయువుగా నింపితే రాకెట్‌లో చోటు చాలదు. ద్రవంగా చేస్తే కొంచెం చోటులో చాలా పడుతుంది. గ్యాస్ సిలిండర్ సంగతి గుర్తుంది కదా, అదే ఉపాయం.

ద్రవం కాకుండా నేరుగా ఆవిరయ్యేవి కూడా ఉన్నాయి. బట్టల పెట్టెలో కలరా ఉండలు వేస్తారు. కొన్ని నెలలకు గోళీ అంతది గింజంత అవుతుంది, బట్టలు మాత్రం తడవవు. కర్పూరం బిళ్లను మూత లేకుండా వదిలేస్తే అంతే, వాసన ఇల్లంతా పరుచుకుని బిళ్ల చిన్నదైపోతుంది. దీన్ని ఉత్పతనం అంటారు. హారతిలో కర్పూరం వెలిగించడం మాత్రం వేరు. అక్కడ కర్పూరం మండి వేరే పదార్థాలు అయిపోతుంది, తిరిగి రాదు. కరిగిన నెయ్యి మళ్లీ పేరుకుంటుంది, ఆవిరి మళ్లీ నీరవుతుంది, కాలిన కర్పూరం మళ్లీ కర్పూరం కాదు.

నాలుగో స్థితి కూడా ఉందా అని ఐదో తరగతి బాబు చీటీ పంపాడు. ఉంది నాన్నా. దాన్ని ప్లాస్మా అంటారు. విపరీతమైన వేడికి అణువులు విడిపోవడమే కాదు, వాటిలో ఉండే ఇంకా చిన్న రేణువులు, అంటే పరమాణువులు కూడా ముక్కలయ్యే స్థితి. మెరుపు మెరిసినప్పుడు నువ్వు చూసేది అదే. సూర్యుడు మొత్తం అదే. పై తరగతులకు వెళ్లాక దాని గురించి ఇంకా చదువుతావు.

సరే, ఇప్పుడు మన పందెం. పళ్లెం చూడండి. ఐసు ముక్క గోరంత మిగిలింది, చుట్టూ నీళ్లే. ఇప్పుడు శాలువా విప్పుతున్నాను. ఒక మడత. రెండు. మూడు. నాలుగు. చూడండి! కవర్లో కాసిన్ని నీళ్లు ఉన్నాయి కానీ ముక్క దాదాపు అలాగే ఉంది.

శాలువాకు తన సొంత వేడి లేదమ్మా. దాని ఉన్ని పోగుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి వేడిని తొందరగా అటూ ఇటూ పోనివ్వదు. మనం కప్పుకుంటే మన ఒంట్లో వేడి బయటికి పోదు, వెచ్చగా ఉంటాం. ఐసుకు కప్పితే బయటి వేడి లోపలికి రాదు, చల్లగా ఉంటుంది. ఐసు అమ్మేవాళ్లు దిమ్మలకు రంపపు పొట్టు, గోనెపట్టా చుట్టేది ఇందుకే. పళ్లెంలో ముక్కకు ఆ అడ్డు లేదు, పైగా స్టీలు వేడిని గబగబా అందిస్తుంది.

అయితే స్టీలు పళ్లెం బదులు చెక్క పీట మీద పెట్టి ఉంటే ఏమయ్యేది? డబ్బాలో ఇంకా నాలుగు ముక్కలు ఉన్నాయి. పీట మీ మధ్యాహ్న భోజనం వంటగదిలో ఉంటుంది. ఎవరు తెస్తారు?